లెమ్రేర్ తుమ్మచెట్టు

లెమ్రేర్ లోయ అంచున జీపు ఆగేసరికి అక్కడ ఉండాల్సిన రాజ్యం లేదు.

ముప్పై ఆరు గుడారాలుండాలి. నలభైమంది పిల్లలతో బడి ఉండాలి. ఎర్ర నెలవంక కుట్టిన తెల్ల గుడారంలో మందులు, నర్సు ఉండాలి. వీటి నడుమ జెండా కర్ర, దాని పక్కన జనన మరణాలు రాసే ఆఫీసు ఉండాలి. రెండు రోజులుగా సుయెల్మా ఈ జాబితాను అతిథులకు అప్పజెబుతూనే ఉంది. తీరా వచ్చి చూస్తే మసిబారిన పొయ్యిరాళ్ళు, మేక పెంటికలు, గుడారపు మేకులు పీకిన గుంటలు మిగిలాయి. లోయ మధ్యలో ఒక ముసలి తుమ్మచెట్టు ఉంది.

సుయెల్మా ఒంటికి చుట్టుకున్న మెల్ఫా కొంగు నెత్తి మీదికి లాక్కుని, దిగాలో వద్దో తెలియక జీపులోనే కూచుండిపోయింది.

డ్రైవరు లారోసికి మాత్రం ఏ కంగారూ లేదు. స్పెయిన్ వాళ్ళ కాలంలో రేవు నుంచి చేపల లారీ నడిపిన మనిషి, ఆమెకు వరసకు చిన్నాన్న. ఇంజను ఆపి, కిందికి దిగి, నైరుతి దిక్కుగా గాలి వాసన చూశాడు.

"అటు వాన పడ్డట్టుంది అమ్మాయ్."

"వాన అక్కడ పడితే కొంప ఇక్కడ మునిగింది బాబాయ్."

"ఆ ముసలి తెక్బర్ పెత్తనంలో గుడారాలు ఒక్కచోట ఉంటాయనుకున్నావా? దూరాన మెరుపు కనిపిస్తే చాలు, ఆవిడకి కాళ్ళాగవు."

"బుధవారం వస్తున్నామని రేడియోలో మూడుసార్లు చెప్పించాను. పిల్లలకి స్నానాలు చేయించమన్నాను. జెండా ఉతకమన్నాను. అన్నీ చెప్పాను."

"కదలొద్దని చెప్పావా?"

సుయెల్మా చెప్పలేదు. ఎడారిలో పుట్టినవాళ్ళెవరికీ ఆ మాట చెప్పాలని తోచదు. అతిథి వస్తానన్నది మనుషుల దగ్గరికి. మనుషులు ఎక్కడుంటే అక్కడికి అడుగుజాడలు పట్టుకుని వస్తాడు. వాన కురిసిన చోటికి మేకల్ని తోలుకుపోయి, అవి నాలుగు పూటలు మేశాక పాలు పిండి సిద్ధంగా ఉండటం మర్యాద. ఎండిన లోయలో వట్టిపోయిన మేకలతో అతిథికి ఎదురెళ్ళడం సిగ్గుచేటు. ఈ లెక్క తెక్బర్‌కి ఎంత సహజమో సుయెల్మాకీ అంతే సహజం, తెల్లవాళ్ళ ఆఫీసులో ఎనిమిదేళ్ళు టైపు కొట్టినా సరే. కానీ ఊరంటే బోర్డు పాతిన చోటని నమ్మే పెద్దమనుషులకు దీన్ని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

ఆ పెద్దమనుషులు వెనక సీట్లోంచి దిగారు. ముందు దిగినాయన జడ్జి కసొండె. అరవై దాటిన పొడగరి. చేతిలో నల్లగొడుగు. ఆయన దేశం చాలా దూరాన, దక్షిణాన ఉంది. అక్కడ ఏడాదిలో సగం రోజులు వానలేనట. గొడుగు లేకుండా గడప దాటడం ఆయన వల్ల కాదు. అల్జీరియాలోని తిందూఫ్ విమానాశ్రయంలో ఆ గొడుగును మొదటిసారి చూసినప్పుడు లారోసి నవ్వు ఆపుకోలేక, వంగి జీపు చక్రాన్ని పరీక్షిస్తున్నట్టు నటించాడు. జడ్జి వెనక చిలేషె, నడివయసు ప్రభుత్వ వకీలు. అతని చేతిలో అట్ట, అట్టకు బిగించిన కాగితాలు.

"ఇదేనా లెమ్రేర్?" అన్నాడు చిలేషె ఫ్రెంచిలో. వాళ్ళకు అరబ్బీ రాదు, ఆమెకు వాళ్ళ భాష రాదు. ఎవరి సొంతమూ కాని ఫ్రెంచిలోనే మూడు రోజులుగా మాటలు సాగుతున్నాయి.

"ఇదే," అంది సుయెల్మా.

"మరి రాజ్యం?"

"కదిలింది."

చిలేషె కాగితం మీద ఏదో రాశాడు. చిన్న మాటే అయి ఉండాలి, రాయడానికి క్షణం కూడా పట్టలేదు.

ఆ కాగితం మీదే సుయెల్మా ప్రాణాలన్నీ ఉన్నాయి. స్పెయిన్ వాళ్ళు జెండా దించుకుని ఓడెక్కి నాలుగేళ్ళయింది. పోతూ పోతూ ఈ నేలను దాని మనుషులకు ఇవ్వకుండా ఇరుగుపొరుగులకు పంచిపెట్టి పోయారు. ఆ నేల జనం, సహ్రావీలు, తమ రాజ్యాన్ని తామే ప్రకటించుకున్నారు. ప్రకటించుకుంటే సరిపోదు, నలుగురూ ఔననాలి. మరో రెండు నెలల్లో ఆఫ్రికా దేశాల సభ. అక్కడ ఈ రాజ్యానికి కుర్చీ వెయ్యాలా వద్దా అన్న మాట వస్తుంది. ఒక్కో రాజధానికీ పోయి, వరండాల్లో కూచుని, మమ్మల్ని గుర్తించండి అని అడగడమే ఈ నాలుగేళ్ళూ సుయెల్మా ఉద్యోగం. కాఫీ ఇచ్చారు, కబుర్లు చెప్పారు, చేతులు దులుపుకున్నారు. జడ్జి కసొండె దేశం ఒక్కటే, మా మనిషిని పంపిస్తాం, ఆయన చూసి చెప్పింది చేస్తాం అంది. ఆ దేశం ఎటు మొగ్గితే అటు మొగ్గుదామని మరో మూడు దేశాలు కాచుకుని ఉన్నాయి.

ఆ వచ్చినాయన తిందూఫ్ దగ్గరి శిబిరాలన్నీ తిరిగి చూసి, ముక్కుసూటిగా ఒకటే మాటన్నాడు: "అమ్మా, ఇది అల్జీరియా నేల. ఇక్కడున్న మీరు కాందిశీకులు. కాందిశీకులకి నేను కంబళ్ళు ఇప్పించగలను గానీ కుర్చీ ఇప్పించలేను. మీ నేల మీద మీ రాజ్యాన్ని చూపించండి."

చూపిస్తానని ఆమె మాటిచ్చింది. రెండు రోజుల ప్రయాణం చేయించి తీసుకొచ్చింది. మేక పెంటికలు చూపించింది.

"రాజ్యమంటే హద్దులుండాలి, నిలకడైన జనం ఉండాలి," అన్నాడు చిలేషె అట్ట మీద వేలితో తడుతూ. "నిలకడ. ఆ మాట ఇక్కడ అచ్చువేసి ఉంది. నేను కల్పించలేదు."

సుయెల్మాకు ఒళ్ళు మండింది. సిగ్గుతో చితికిపోయిన మనిషికి కోపం వస్తే అదొక ఊతం. దిగి ఎదురుగా నిలబడింది.

"హద్దులంటున్నారు కాబట్టి అడుగుతున్నాను. మీ దేశం పటం చూశాను నేను. పడమటి గీత స్కేలు పెట్టి కొట్టినట్టుంది. ఎవరు గీశారు, మీ తాతగారా?"

"తెల్లవాళ్ళు," అన్నాడు చిలేషె.

"ఆ గీతలు చెరపకూడదని ఆఫ్రికా దేశాలన్నీ కూచుని ఒట్టేసుకున్నాయి. మాకూ గీత ఉంది, స్పెయిన్ వాడు గీసిందే. మీ గీతలు దేవుడు గీసినవీ, మా గీత మాత్రం పక్కింటివాడు కాలితో చెరిపేసేదీ ఎట్లా అయింది?"

జడ్జి మీసాల్లో నవ్వాడు. "వాదన బాగుందమ్మా. మా కోర్టులో అయితే మెచ్చుకునేవాణ్ణి. కానీ నేను వినడానికి రాలేదు, చూడటానికి వచ్చాను. ఎల్లుండి సాయంత్రం నా విమానం. ఇవాళ కంటికి కనబడిందే రాస్తాను."

ఎండ నెత్తిన కొడుతోంది. అందరూ తుమ్మచెట్టు నీడకు నడిచారు. లారోసి టీ కోసం పుల్లలు ఏరడం మొదలుపెట్టాడు. రాజ్యాలు ఉన్నా పోయినా టీ ఆగదు.

నీడలోకి వచ్చాక చిలేషె తలెత్తి చూశాడు. చెట్టు నిండా సామాను వేలాడుతోంది. ఒక ఒంటె జీను, రెండు తోలుసంచుల బార్లీ, గుడ్డలో చుట్టిన చేతి కుట్టుమిషను, తాళ్ళతో బిగించిన బడి నల్లబల్ల, ఒక ఆకుపచ్చ రేకుపెట్టె.

"పాపం, ఎవరో పారేసి పోయారు," అంటూ అతను రేకుపెట్టె తాడు ముడి మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్యండి!"

లారోసి చేతిలో కేటిల్ జారి ఇసకలో పడింది. అతిథి మీద గొంతెత్తడం ఆ మనుషుల్లో లేదు. వైరంలో ఉన్నవాడైనా గుడారంలోకి వస్తే మూడు రోజులు మెత్తగానే మాట్లాడతారు. సుయెల్మాకు తన కేక తనకే కొత్తగా వినిపించింది. అయినా దాన్ని వెనక్కి తీసుకోలేదు.

చిలేషె చెయ్యి తీశాడు. "ఏముంది ఇందులో? బాంబా?"

"పుస్తకం. మా ఆఫీసుది. రాజ్యం ప్రకటించిన రోజు నుంచి ఈ నేల మీద పుట్టినవాళ్ళ పేర్లు, పోయినవాళ్ళ పేర్లు, పెళ్ళిళ్ళు. లెమ్రేర్ ఆఫీసుకిచ్చిన ప్రభుత్వ ముద్ర కూడా అందులోనే ఉంటుంది."

చిలేషె మొహం విప్పారింది. చెడ్డవాడు కాదతను. ఖాళీ గళ్ళు చూస్తే నిద్రపట్టని రకం. "ఆ మాట ముందే చెప్పొద్దూ! దించండి. పుస్తకమూ ముద్రా చూశానంటే నాలుగు గళ్ళు నిండుతాయి. జడ్జిగారూ, ఏమంటారు?"

"పుస్తకం సాక్ష్యమే," అన్నాడు జడ్జి. "చూస్తాను."

లారోసి ఇసక దులుపుకుంటూ వచ్చి, ఆమె చెవి దగ్గర తమ భాషలో గొణిగాడు. "దించెయ్యి అమ్మాయ్. నీ ఆఫీసు పెట్టే కదా. తెక్బర్‌కి నేను నచ్చజెబుతా. వీళ్ళ సంతకం కోసం ఎన్ని వరండాలు ఊడ్చావు!"

సుయెల్మా చెయ్యి పైకి లేచింది. ముడి సరిగ్గా ఆమె కంటి ఎత్తున ఉంది. ఆ పుస్తకం మొదటి పేజీ ఆమె చేతిరాత. మొదటి పేరు ఆమె కూతురు గ్లానాది. ఊరు విడిచి నడిచి వస్తుంటే దారిలో, ఇట్లాంటి తుమ్మచెట్టు కిందే పుట్టింది. స్పెయిన్ వాళ్ళు జనాభా లెక్క తీసినప్పుడు ఈ జనం పేర్లన్నీ టైపు చేసిన చేతులివి. వేల పేర్లు. తెల్లవాళ్ళ కాగితం మీద వాళ్ళ ముద్రతో ఉన్న ఆ పేర్లు ఒకెత్తు, తమ పుస్తకంలో తమ ముద్ర కింద ఉన్న ఈ పేర్లు ఒకెత్తు. ముడి విప్పితే చాలు. రాజ్యం దొరికిపోతుంది.

ఆ ముడి మాత్రం తెక్బర్ వేసింది. ఎడమ చేతివాటం మనిషి కాబట్టి తాడు అటు తిరిగి ఉంది.

సుయెల్మా చెయ్యి దించుకుంది.

"దించను," అంది.

"ఎందుకు?" అన్నాడు చిలేషె.

"నేను వేలాడదీయలేదు."

"మీ ఆఫీసుదే కదా?"

"ఆఫీసుదే. కానీ చెట్టుకు కట్టింది తెక్బర్. కట్టినవాళ్ళే విప్పాలి. నేనైనా, మా మంత్రిగారైనా, యుద్ధంలో ఉన్న సైనికుడైనా అంతే. చెట్టుకు కట్టినదాన్ని ఇంకొకరు తాకరు."

జడ్జి గొడుగు ఇసకలో గుచ్చి, దాని మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. "తాళం లేదు కదా?"

"లేదు."

"కాపలా?"

"చుట్టూ చూడండి. ఎవరున్నారు?"

"ఆ జీను ఎవరిది?"

"నాకు తెలియదు. లారోసి బాబాయ్, తెలుసా?"

"ఎంబారెక్ కొడుకుది," అన్నాడు లారోసి, ఆమె తర్జుమా చేస్తుంటే. "యుద్ధానికి పోతూ కట్టాడు. రెండు వేసవులయింది. మనిషి ఏమయ్యాడో తెలీదు. ఆ బార్లీ ఇంకెవరిదో. పోయిన కరువులో ఈ దారిన పోయినవాళ్ళంతా ఆకలితో దాని కిందే పడుకున్నారు."

"ఆకలితోనా? ఎవరూ ముట్టలేదా?"

"వాళ్ళది కాదుగా," అన్నాడు లారోసి, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"ఎవరైనా ముట్టుకుంటే శిక్ష ఏమిటి?" అన్నాడు జడ్జి. గొంతు మారింది. ఇప్పుడాయన కోర్టులో ఉన్నాడు.

సుయెల్మా వెంటనే జవాబివ్వలేదు. చెట్టు చుట్టూ నడిచి, రెండోవైపు మాను మీద చెయ్యి పెట్టింది. అక్కడ బెరడు చీలి, వరసగా అయిదు తూటా గుర్తులున్నాయి.

"ఒక్కసారే ముట్టుకున్నారు. మూడేళ్ళ కిందట, చలికాలంలో. ఈ నేల మాదేనంటూ ఉత్తరం నుంచి వచ్చిన సైన్యం ఇట్లా పోతూ, చెట్టు మీదున్నదంతా దించి పట్టుకుపోయింది. మోయలేనిది తగలబెట్టింది. పోతూ చెట్టును తుపాకులతో కాల్చింది, ఎందుకో వాళ్ళకే తెలియాలి. ఆ తర్వాత మావాళ్ళు వచ్చి మళ్ళీ కట్టారు, ఇదిగో ఇవన్నీ." ఆమె వెనక్కి తిరిగింది. "మీరు హద్దు అడిగారు. ఇదే నా హద్దు. ఈ నేల మనిషి ఈ చెట్టును ముట్టడు. ముట్టినవాడు ఎన్ని పటాలు పట్టుకొచ్చినా ఈ నేలవాడు కాడు."

చిలేషె పెన్ను కదల్లేదు.

"ఇప్పుడు మీకు చూపించడం కోసం నేనే ఆ ముడి విప్పాననుకోండి," అంది సుయెల్మా. "మా చట్టాన్ని మేమే తెంపుకుని చూపిస్తే మీరు చూసేది రాజ్యం కాదు, రేకుపెట్టె. కాబట్టి రాసుకోండి. లెమ్రేర్ పోయాను, రాజ్యం కనబళ్ళేదు అని రాసుకోండి. నాలుగేళ్ళు ఆగాం, ఇంకో నాలుగేళ్ళు ఆగుతాం. కానీ మీ కుర్చీ కోసం ఈ పెట్టె దించను."

అనేసింది గానీ నాలుగు దేశాలు ఆ ఒక్క మాటతో చెయ్యి జారిపోయాయనే అనుకుంది. ఎల్లుండి ఆఫీసులో మొహం ఎట్లా చూపించాలా అని కూడా అనుకుంది. లారోసి మళ్ళీ పొయ్యి దగ్గర కూచుని, మాట్లాడకుండా టీ ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఒంపుతున్నాడు. ఆయన నోరు మూసుకున్నాడంటే వ్యవహారం ముదిరినట్టే.

జడ్జి ఆమె వైపు తిరిగాడు. "పుస్తకంలో పేర్లు మీకు జ్ఞాపకం ఉన్నాయా?"

"ఏమిటీ?"

"పుస్తకం దించొద్దు. మీరు రాసిన పేర్లు నోటికి వచ్చా అని అడుగుతున్నాను."

"మొదటి రెండు వందలు నేను రాసినవే. తర్వాతవి తెలియవు."

"చిలేషె, రాసుకో."

ఆమె చెట్టు మొదట్లో కూచుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. గ్లానా, తల్లి సుయెల్మా. నాఫె, తల్లి మహ్యూబా. సల్కా, తల్లి ఫాతిమెతు. తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన చోటు. పుట్టిన చోటంటే ఒక లోయ, ఒక బావి, ఒక రాయి. లారోసి ఆనవాయితీగా మూడు విడతలూ టీ పోశాడు. చిలేషె రాస్తూనే ఉన్నాడు. యాభయ్యో పేరు దగ్గర జడ్జి చెయ్యెత్తాడు.

"చాలు. మీ మనుషులు ఎక్కడున్నారో కనుక్కోగలరా?"

"కనుక్కోవడమేమిటి?" అన్నాడు లారోసి ఆ మాట తర్జుమా అయ్యాక. "వాన ఎక్కడుందో అక్కడున్నారు."

యాభై కిలోమీటర్లు. చివరి పది కిలోమీటర్లలో ఇసక రంగు ముదిరింది, జీపు కిటికీలోంచి తడిమట్టి వాసన కొట్టింది. ఎండ వాలకముందే గుడారాలు కనిపించాయి. ముప్పై ఆరూ ఉన్నాయి. కొద్దిగా ఒరిగిన కర్రకు ఉతికిన జెండా ఎగురుతోంది. కడిగి దువ్విన పిల్లలు అప్పుడే వాననీటి గుంటలో దొర్లి, బురద మొహాలతో వరసగా నిలబడ్డారు.

తెక్బర్ ఎదురొచ్చింది. డెబ్బై ఏళ్ళ ఎండు మనిషి, నడుముకు తాళంచెవుల గుత్తి. యుద్ధంలో వదిలేసి వచ్చిన ఇంటి తాళాలవి. ఎలా ఉన్నారు, దారి ఎలా ఉంది, ఒంట్లో ఎలా ఉంది, ఇంటిల్లిపాదీ ఎలా ఉన్నారు అంటూ జడ్జిని పలకరించడం ముగిసేసరికి నురగతో పాలగిన్నె వచ్చింది. అంతా అయ్యాక సుయెల్మా వైపు తిరిగింది.

"ఇంత ఆలస్యమేమే? పాలు రెండుసార్లు పిండించాను."

"పెద్దమ్మా, నా పరువు తీశావు. వీళ్ళకి లెమ్రేర్‌లో రాజ్యం చూపిస్తానని చెప్పాను నేను."

"రాజ్యం లెమ్రేర్‌లో ఎందుకుంటుంది? అక్కడ గడ్డిపరక లేదు. జెండా ఉతకమన్నావు, ఉతికాను. ఉతికిన జెండాని పిండితే నీళ్ళొస్తాయి గానీ పాలొస్తాయా?"

లారోసి పగలబడి నవ్వాడు. సుయెల్మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇది తర్జుమా చెయ్యమని జడ్జి పట్టుబట్టాడు. విని, పాలగిన్నెలో చూస్తూ చాలాసేపు తల ఊపాడు.

తర్వాత బడి గుడారం ముందు చాప వేశారు. చిలేషె లేచి నిలబడి పేర్లు చదవడం మొదలుపెట్టాడు. అతని నోట్లో ఆ పేర్లు వంకర్లు తిరిగాయి. ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వి, సరిచేసి, మూడు నాలుగేళ్ళ పిల్లల్ని ముందుకు తోశారు. నాఫె వచ్చి చిలేషె బూటు పట్టుకుని కూచున్నాడు. కొందరు పిల్లలు తల్లులతో తిందూఫ్ శిబిరాల్లో ఉన్నారు. వాళ్ళ ఆనవాళ్ళు అక్కలూ పిన్నులూ చెప్పారు. చిలేషె ఒక్కో పేరు పక్కన టిక్కు పెట్టుకుంటూ పోయాడు.

"సల్కా. తల్లి ఫాతిమెతు."

ఎవరూ పలకలేదు. నవ్వులు ఆగాయి.

"సల్కా," అన్నాడు చిలేషె మళ్ళీ.

వెనక వరసలోంచి ఒక సన్నటి మనిషి లేచింది. "లెమ్రేర్‌లో ఉంది," అంది. "చెట్టుకి తూర్పున, రాళ్ళు పేర్చాం చూడండి. పోయిన నెల విమానాలొచ్చి బాంబులేసిన రోజున. మేం వానెంబడి వచ్చేశాం. అది మాత్రం అక్కడే ఉంది, మేం తిరిగొచ్చేదాకా. రాసుకో నాయనా. లేదు అని రాయకు. అక్కడుంది అని రాయి."

ఈ సంగతి సుయెల్మాకు కూడా తెలియదు. మధ్యాహ్నమంతా ఆ చెట్టు కింద ఆ పేరు పలికిన నోటిని చేత్తో మూసుకుంది. అక్కడే, ఆ రాళ్ళ పక్కనే తను వాదించింది. తర్జుమా చెయ్యడం ఆమె రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది.

చిలేషె తలొంచుకుని రాశాడు. ఈసారి చాలాసేపు పట్టింది.

మర్నాడు పొద్దున్నే తిరుగు ప్రయాణం. దారి లెమ్రేర్ మీదుగానే. బడికి నల్లబల్ల కావాలంటూ తెక్బర్ కూడా జీపెక్కింది. తిరిగి రావడానికి ఒంటెతో ఒక కుర్రాణ్ణి రాత్రే ముందుగా పంపింది. అక్కడ దిగి, ఎడమ చేత్తో ముడి విప్పి బల్ల దించుకుంది. రేకుపెట్టె తాడు కూడా పట్టుకుని జడ్జి వైపు చూసింది.

"ఇది దించమంటారా? నేనే కట్టాను. విప్పగలను."

జడ్జి తల అడ్డంగా ఊపాడు. "ఉండనివ్వండి. చూడాల్సింది చూశాను." చెట్టుకు తూర్పున పేర్చిన చిన్న రాళ్ళ దగ్గరికి పోయి, టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చి తెక్బర్‌ని అడిగాడు. "పరాయి దేశపు మనిషి ఈ చెట్టుకు ఏమైనా కట్టొచ్చా?"

తెక్బర్‌కి ఆ ప్రశ్న వింతగా తోచింది. "నువ్వెవరివని చెట్టు అడుగుతుందా? కట్టడం ఎవరైనా కడతారు. ముట్టకుండా ఉండటం తెలియాలి, అంతే."

జడ్జి తన గొడుగును ముడిచి, బొత్తాం పెట్టి, తాడు అడిగాడు. లారోసి ఇచ్చాడు. ముడి వెయ్యడం రాక రెండుసార్లు జారింది. తెక్బర్ నేర్పించింది గానీ చెయ్యి పెట్టలేదు.

"వాన పడ్డ చోట వాడలేదు, ఎండ ఉన్న చోట వదిలేస్తున్నాడు," అని గొణిగాడు లారోసి.

"మళ్ళీ వస్తానమ్మా," అన్నాడు జడ్జి సుయెల్మాతో. "ఈసారి అల్జీరియా వీసాతో కాదు. నా పాస్‌పోర్టు మీద మీ ముద్ర వెయ్యాలి. అప్పుడు దించుకుంటాను."

ఏడు వారాలకు తంతి వచ్చింది. జడ్జి కసొండె దేశం సహ్రావీ రాజ్యాన్ని గుర్తించింది. పది రోజుల్లో వెనకనే మరో రెండు. మూడోది ఇంకా ఆలోచిస్తోంది. శిబిరాల్లో ఆడవాళ్ళు నాలుకలాడించి చేసిన కూతలకు ఒంటెలు బెదిరి తాళ్ళు తెంపుకున్నాయి. సుయెల్మా తంతి కాగితాన్ని నాలుగుసార్లు చదివి, ఒక్కతే గుడారం వెనక్కి పోయి, వెక్కివెక్కి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది.

ఆ నెలాఖరులో పైనుంచి ఆమెకొక ఆదేశం వచ్చింది. కొత్త మిత్రదేశం తన మొదటి రాయబారిని పంపుతోంది. ఆ సందర్భంలో జడ్జిగారి గొడుగును పట్టుగుడ్డలో చుట్టి, రాయబారి చేతికి కానుకగా అందిస్తే మర్యాదగా ఉంటుంది. కాబట్టి వెంటనే మనిషిని లెమ్రేర్ పంపి గొడుగు దింపించవలసినది. కింద సొంత మంత్రిగారి సంతకం ఉంది.

శిబిరానికి వచ్చి ఉన్న తెక్బర్ కాగితం విని ముక్కు మీద వేలేసుకుంది. "మంత్రి అయినంత మాత్రాన బుద్ధి పోవాలా!"

సుయెల్మా టైపు మిషను ముందు కూచుంది. మంత్రిగారికి ఎదురు రాయడం ఉద్యోగానికి మంచిది కాదు. మూడో దేశం ఇంకా తేల్చలేదు, కొత్తగా వస్తున్న రాయబారి నొచ్చుకున్నా నొచ్చుకోవచ్చు. అవన్నీ ఆమెకు తెలుసు. కాగితం ఎక్కించి, తేదీ కొట్టి, రెండే వాక్యాలు కొట్టింది.

"లెమ్రేర్ తుమ్మచెట్టుకు ఉన్న గొడుగును దించే అధికారం ఈ ప్రభుత్వానికి లేదు. జడ్జిగారిని రమ్మనండి."

చదువుకుని, సంతకం పెట్టి, రాజ్యపు ముద్ర గట్టిగా నొక్కి వేసింది.